స్నానపుగదిలో అపానవాయువు

ప్రశ్న: ఆరుబయట అంతగా తెలియని అపానవాయువు వేడినీళ్ల స్నానపుగదిలో దుర్భరమగుటకు కారణమేమి?

జవాబు: మీరు సంకోచముతో అడిగిన యీ ప్రశ్న శాస్త్రదృష్టికి మిక్కిలి గౌరవనీయమైనది. అపానవాయువులో నూటికి 99 పాళ్లు నత్రజని, ఉదజని, బొగ్గుపులుసువాయువు, మిథేను వంటి నిర్గంధవాయువులే కాగా, ఆ దుర్గంధము ముఖ్యముగా ఒక పాలైనను నిండని హైడ్రోజన్ సల్ఫైడు మొదలగు గంధకసమ్మేళనముల వలననే పుట్టుచున్నది. ఈ హైడ్రోజన్ సల్ఫైడు వందకోట్ల పాళ్ల గాలిలో కొన్ని పాళ్లు మాత్రమే యున్నను మన ముక్కు పసిగట్టగలదు. ఇంతటి సూక్ష్మగ్రహణశక్తి నిజముగా ఆశ్చర్యకరము! ఆరుబయట గాలి ఆ యణువులను క్షణములో చెదరగొట్టును. మూసిన యిఱుకుగదిలోనో, అవి పోవుటకు దారి లేదు, కట్టుబట్టల అడ్డును లేదు. పైగా వెచ్చని తేమగాలి నాసికాకుహరమును ఆర్ద్రముగా నుంచుటచే గంధాణువులు శ్లేష్మపుపొరలో కరగి గ్రాహకములను చేరుట సులభమగును. కొన్ని నిమిషములు లోపలనే యున్నవారి ముక్కు ఆ వాసనకు అలవాటుపడును. కావున తలుపు తెఱచుకొని అప్పుడే వచ్చినవారికే బాధ యెక్కువ. కోడిగ్రుడ్లు, క్యాబేజీ, వెల్లుల్లి వంటి గంధకము గల ఆహారము కొంత తగ్గించి, స్నానసమయమున కిటికీ తెఱచియుంచుడు.