వేసవిలో అరటికాయలను ఇంట నిలువ చేయుట

అనంతపురం ప్రాంతమున సాలుకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను పుట్లూరు, యల్లనూరు, నార్పల, తాడిపత్రి ప్రాంతములలో బోరుబావుల క్రింద అరటి విరివిగా పండుచున్నది. 2021 జనవరిలో తాడిపత్రి నుండి శీతల పెట్టెలు గల రైలులో ఈ కాయలు ఎగుమతికై ముంబయి రేవుకు పోయినవి. అట్టి కాయ రైతు ఇంట నాలుగు దినములైనను నిలువక మురిగిపోవుట తగదు. గెల పాడైనచో, దానికి పెట్టిన బోరునీరు కూడ వృథాయైనట్లే.

కారణము

కోసిన పిదప కూడ కాయ శ్వాసించుచునే యుండును. మాగునపుడు ఇథిలీను అను వాయువును విడుచును. అది ప్రక్క కాయలను కూడ మాగించును. వేడి హెచ్చిన కొలది ఈ మార్పు త్వరపడును. మన వేసవిలో తోలు పచ్చగా నుండగనే లోపలి గుజ్జు మెత్తబడుట ఇందువలననే.

చేయవలసిన పనులు

1. నిలువకు ఉంచదలచిన గెలను, కాయ పలకలు ఇంకను కొద్దిగా కనబడుచుండగనే కోయవలెను. పూర్తిగా గుండ్రబడిన కాయ త్వరగా మాగును. చల్లని వేళ కోసి, నీడలో ఆకులపై ఉంచవలెను.

2. కాయలను గుట్టగా పోయక, గెలను గాలి తగులునట్లు వ్రేలాడదీయవలెను. కమిలిన కాయలను, మాగిన పండ్లను వెంటనే వేరు చేయవలెను.

3. ఇటుకలతో రెండు వరుసల గోడ కట్టి, నడుమ మూడంగుళముల సందున ఇసుక నింపి, ఉదయము, సాయంత్రము తడుపవలెను. పైన తడి గోనె కప్పవలెను. ఈ పద్ధతిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించినది. మన పొడిగాలిలో నీరు త్వరగా ఆవిరియగును గనుక లోపల చల్లదనము బాగుగ నుండును. కూరగాయలు కడిగిన నీటిని ఇందుకు వాడుకొనవచ్చును.

4. పచ్చి కాయలను ఫ్రిజ్‌లో ఉంచరాదు. 13 డిగ్రీల సెంటిగ్రేడుకు తగ్గిన చలిలో తోలు నల్లబడి, కాయ సరిగా మాగదు. మాగిన పండునైతే రెండు మూడు దినములు ఉంచవచ్చును. తోలు నల్లబడినను గుజ్జు తినదగియే యుండును.

5. కార్బైడుతో మాగించుటను చట్టము నిషేధించినది. కావలసినన్ని కాయలను రెండు మాగిన పండ్లతో కలిపి మూతగల గంపలో ఉంచిన చాలును.

6. మిగిలిన పచ్చి కాయలను చెక్కు తీసి, చక్రములుగా తరిగి, ఉప్పు కలిపిన మజ్జిగలో ముంచి, గలగలలాడువరకు ఎండబెట్టవలెను. గాలి చొరని డబ్బాలో ఈ ఒరుగులు నెలల తరబడి నిలువ యుండును.

గ్రామోద్యోగులు ఇట్టి ఇటుకల అర నొకదానిని ఊరిలో కట్టించి చూపినచో, రైతులు చూచి నేర్చుకొందురు.