టీకా పనితీరును సెర్చ్ డేటాలో చదివే కెరీర్

పిల్లల ఒంటిమీద నీటిపొక్కులు కనిపించగానే చాలామంది తల్లిదండ్రులు ముందు ఫోన్‌లో వెతుకుతున్నారు. ఆస్పత్రికి వెళ్లేది ఆ తర్వాతే. అలాంటి వెతుకులాటల్లో వ్యాధుల జాడ పట్టే రంగమే డిజిటల్ ఎపిడమియాలజీ. గణితం, జీవశాస్త్రం రెండూ ఇష్టమైన విద్యార్థులకు ఇది చక్కని దారి.

అధ్యయనం ఏం చెప్పింది?
అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు కెవిన్ బక్కర్ బృందం 36 దేశాల్లో 11 ఏళ్ల గూగుల్ సెర్చ్‌లను పరిశీలించి, 2016లో ఫలితాలు ప్రచురించింది. ఆటలమ్మ గురించిన సెర్చ్‌లు ఏటా వసంతకాలంలో పెరుగుతున్నాయి. దేశమంతటా టీకా వేస్తున్న చోట ఆ హెచ్చుతగ్గులు బాగా తగ్గాయి. ఆటలమ్మ కేసులను పూర్తిగా నమోదు చేయని దేశాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ పద్ధతి విలువైనది.

జాగ్రత్త ఎక్కడ?
సెర్చ్‌ల ఆధారంగా ఫ్లూను అంచనా వేసేందుకు 2008లో మొదలైన గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2012–13 సీజన్‌లో ఫ్లూ తీవ్రతను అసలు కంటే చాలా ఎక్కువగా అంచనా వేసింది. 2015లో ఆ సేవ ఆగిపోయింది. వార్తల్లో భయం పెరిగినా సెర్చ్‌లు పెరుగుతాయి. పైగా గూగుల్ ట్రెండ్స్ చూపే 0–100 అంకెలు కేసుల సంఖ్య కాదు, సెర్చ్‌ల సంఖ్యా కాదు. ఎంచుకున్న కాలంలో అత్యధిక ఆసక్తిని 100గా తీసుకుని వేసిన సూచీ మాత్రమే. ఆ తేడా తెలిసినవారే ఈ రంగంలో రాణిస్తారు.

ఏం నేర్చుకోవాలి?
ముందు స్టాటిస్టిక్స్, ఎపిడమియాలజీలో పునాది వేసుకోండి. ఆ తర్వాత ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్, టైమ్ సిరీస్ విశ్లేషణ నేర్చుకోండి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) కోర్సు ఉంది. అర్హతలు ప్రవేశ ప్రకటనల్లో చూసుకోండి. ప్రజారోగ్య విభాగాలు, పరిశోధన సంస్థలు, టీకా కంపెనీలు, స్వచ్ఛంద సంస్థల్లో ఈ నైపుణ్యాలు పనికొస్తాయి.

ఈరోజే మొదలుపెట్టండి
మన దేశ సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఆటలమ్మ టీకా లేదు. అందుకే సెర్చ్‌ల హెచ్చుతగ్గులు చూడటానికి ఇక్కడి డేటా అనువైనది. గూగుల్ ట్రెండ్స్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల ఆటలమ్మ సెర్చ్‌లను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ తీసుకుని గ్రాఫ్ వేయండి. కేంద్ర వ్యాధి నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీ వారపు నివేదికలతో పోల్చండి. రెండూ కలవని వారాల్లో కారణం వెతికి రెండు పేజీల్లో రాసిపెట్టుకోండి. మీ ఆలోచన తీరు ఏమిటో ఇంటర్వ్యూలో ఆ రెండు పేజీలే చెబుతాయి.