జాతర తినుబండారములు, జ్ఞాపకవస్తువులు, ప్లాస్టికు

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములయందు జాతర యనగా నోటికి రుచియు, చేతికొక వస్తువును తప్పవు. పుంగనూరున సుగుటూరు గంగమ్మ జాతరకు గాని, కుప్పమున మే నెలలో జరుగు తిరుపతి గంగమ్మ జాతరకు గాని పోయిన బాలుడు బొరుగులో జిలేబియో తినక, బుడగయో బొమ్మయో కొనక యిల్లు చేరడు. ఈ రెంటి వెంట నేడు ప్లాస్టికును వచ్చుచున్నది. తిండి గడియలో ముగియును. బొమ్మ వారములో విఱుగును. ప్లాస్టికు మాత్రము తరములు నిలుచును. కావున దాని స్వభావమును, దానివలని హానిని, నివారణోపాయములను క్రమముగా విచారింతము.

స్వభావము: పాలిథీను 1933లో ఇంగ్లండునందలి యొక రసాయన కర్మాగారమున, వేఱొక ప్రయోగము చేయుచుండగా అనుకొనకుండ కనుగొనబడినది. పిడిగల పలుచని సంచికి 1965లో స్వీడను దేశపు సంస్థ యొకటి హక్కుపత్రము పొందినది. అది తేలిక, చవుక, తడికి చెడదు. ఈ గుణములే దోషములు కూడ నైనవి. ఆకును కుళ్లించు సూక్ష్మజీవులు దీనిని సులభముగా కుళ్లింపజాలవు. ఎండకు పెళుసై తునుకలగును. ఆ తునుకలు మట్టిలోను చెఱువులోను కలియును.

హాని: ఆవు మేతను బాగుగ నమలక మ్రింగి, పిదప నెమరువేయును. జాతర మఱునాడు మైదానమున పడియున్న సంచిలో అన్నము మిగిలియున్నచో, ముడి విప్పుటకు దానికి చేతులు లేవు గనుక సంచితో కూడ మ్రింగును. అన్నము అరుగును, సంచి అరగదు. అట్టి సంచులు మొదటి పొట్టలో పెనవేసికొని ముద్దకట్టును. కడుపు నిండినట్లే యుండును. మేత తగ్గును, పాలు తగ్గును, తుదకు పశువు ఆకలితోనే చచ్చును. మనకు దాపుననున్న పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు ఇట్టి పశువుల బాధను జూచి 2012లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. పుంగనూరు పేరును దేశమంతట మోయుచున్నది సుమారు మూడడుగుల పొట్టి ఆవు. ఆ జాతిని పలమనేరు పశుపరిశోధనస్థానమున శ్రమించి కాపాడుచున్నారు. ఆ యావు తన యూరి జాతరలోనే సంచి తిని చచ్చెనేని మనకెంత తలవంపు!

చట్టము: 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, బుడగల పుల్లలు, మిఠాయిపెట్టెలపై చుట్టు పొరలు దేశమంతట నిషేధింపబడినవి. ఆ యేడు డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టికు సంచియు కూడదు. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవవంతు. కాగితపు గ్లాసు నిర్దోషమని తలపరాదు. సాధారణముగా దాని లోపల పలుచని ప్లాస్టికు పూత యుండును.

దృష్టాంతము: తిరుపతి లడ్డు తిండియు నగును, జ్ఞాపకవస్తువు నగును, ఇంటికి తెచ్చి యిరుగుపొరుగువారికి పంచనిదే యాత్ర ముగియదు. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇన్ని లడ్డులకు ఎన్ని సంచులు! తిరుమలయందు ప్లాస్టికు సంచులను మాన్పించి జనుపనార సంచులను, 2021 నుండి రక్షణ పరిశోధనసంస్థవారు రూపొందించిన మొక్కజొన్న పిండి సంచులను అమ్మకమునకు పెట్టిరి. ప్లాస్టికు నీళ్లసీసాలకు బదులు గాజుసీసాలు వచ్చినవి. అంత జనసమ్మర్దమున సాధ్యమైనది మన జాతరలో అసాధ్యమగునా?

ఉపాయములు: వెయ్యిమంది తలకొక పళ్లెము, గ్లాసు, నీళ్ల పొట్లము, సంచి చొప్పున తీసికొనిన నాలుగువేల తునుకలు మిగులును. పళ్లెమునకు విస్తరాకు, గ్లాసునకు మట్టి ముంత, పొట్లమునకు చలివేంద్రము, సంచికి ఇంటినుండి తెచ్చిన గుడ్డసంచి యుండగా నాలుగువేలును మిగులవు. అయితే విస్తరాకు ఖరీదు అంగడివానిపైననే పడిన వాడు ఓర్వలేడు. దినమున కూడిన కొలది రాబడియే వాని కుటుంబమునకు కూడు. కావున కొనువారు సగము భారము మోయవలెను. స్టీలు గ్లాసునకు పదిరూపాయలు ధరావతు పుచ్చుకొని, గ్లాసు తిరిగి యిచ్చినపుడు సొమ్ము తిరిగి యిచ్చు పద్ధతి యెవ్వరికిని నష్టము కలిగింపదు.

జ్ఞాపకవస్తువును కొనునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఎవరు చేసిరి? దేనితో చేసిరి? విఱిగిన పిదప ఏమగును? పలమనేరు మట్టిబొమ్మ విఱిగిన మట్టిలో హానిలేకుండ పడియుండును. వెల మన కుమ్మరి యింట చేరును. ప్లాస్టికు బొమ్మను గూర్చి యిట్లు చెప్పజాలము.

విద్యార్థులారా, రాబోవు జాతరకు గుడ్డసంచియు, లోటాయు గొనిపొండు. మఱునాటి యుదయమున మైదానమునకు పోయి, మిగిలిన ప్లాస్టికు తునుకలను జాతివారీగ లెక్కించి పట్టిక వ్రాసి తెండు. ఏటేట ఆ యంకె తగ్గుచున్నదా పెరుగుచున్నదా యను దానిని మనమే చూచుకొందము.