ప్రజారోగ్య నిర్వహణలో ఆన్‌లైన్ శిక్షణ

ఆరోగ్యమే మహాభాగ్యం అని పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఆ భాగ్యం ఒక మనిషికి దక్కాలంటే మంచి డాక్టరు ఉంటే చాలునేమో గాని, 30,000 మందికి దక్కాలంటే ఒక్క స్టెతస్కోపు చాలదు. మందులు వేళకు రావాలి. టీకాలు చల్లగా ఉండాలి. ఏ ఊళ్ళో జ్వరాలు ఎక్కువవుతున్నాయో ముందుగా తెలియాలి. ఉన్న సిబ్బందిని ఉన్న పనికి సరిగ్గా పంచాలి. ఈ పనులన్నిటినీ ఒక క్రమంలో నడిపించే విద్యనే ప్రజారోగ్య నిర్వహణ అంటాము. ఉద్యోగంలో ఉన్న డాక్టర్లకు, నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు ఈ విద్యను ఆన్‌లైన్‌లో నేర్పవచ్చునా? నేర్పితే ఎలా నేర్పాలి? ఈ రెండు ప్రశ్నలనే ఇక్కడ పరిశీలిద్దాం.

చదివింది వైద్యం, చేయాల్సింది నిర్వహణ

మన దేశంలో మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. దాని కింద మైదానాల్లో 5,000 మందికి ఒకటి చొప్పున ఉపకేంద్రాలుంటాయి. ఎం.బి.బి.ఎస్. ముగించి మెడికల్ ఆఫీసరుగా చేరిన యువ డాక్టరు, చేరిన రోజునే వీటన్నిటికీ బాధ్యులవుతారు. ఒకవైపు రోగులు బారులు తీరి ఉంటారు. మరొకవైపు మందుల ఇండెంటు, స్టాకు రిజిస్టరు, సిబ్బంది సెలవులు, నెలవారీ రిపోర్టులు. కాలేజీలో గుండె చప్పుడు వినడం నేర్పారు గాని ఇండెంటు ఎంత పెట్టాలో ఎవరు నేర్పారు? కమ్యూనిటీ మెడిసిన్ అనే సబ్జెక్టు ఉన్న మాట నిజమే. కాని పరీక్ష కోసం చదివింది వేరు, పనిలో దిగినప్పుడు కావలసింది వేరు.

ఈ లోటును పెద్దలు ఎప్పుడో గుర్తించారు. 1932లోనే కలకత్తాలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఏర్పడింది. 1946లో భోర్ కమిటీ తన నివేదికలో, వైద్య విద్యార్థులకు నివారణ వైద్యంలోను, సాంఘిక వైద్యంలోను మూడు నెలల శిక్షణ ఉండాలని చెప్పింది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలోను ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేకమైన కేడర్ ఉండాలన్నది. 2022లో కేంద్ర ప్రభుత్వం ఆ కేడర్‌కు మార్గదర్శకాలు విడుదల చేసింది. కేడర్ అంటే కాగితం మీది పోస్టులు మాత్రమే కాదు, పని తెలిసిన మనుషులు. వాళ్ళందరినీ ఏడాదిపాటు క్లాసులకు పంపితే ఇక్కడ ఆసుపత్రికి తాళం వేసుకోవాల్సిందే! ఆన్‌లైన్ శిక్షణ అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది.

తెర మీది పాఠం: బలం, బలహీనత

2020 ఏప్రిల్‌లో కోవిడ్ విధుల్లో ఉన్నవారి కోసం మన ప్రభుత్వం దీక్షా వేదిక మీద ఐగాట్ పాఠాలను ప్రారంభించింది. లాక్‌డౌన్‌లో అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టడం కుదరని రోజులవి. అంత త్వరగా అంతమందిని చేరుకోవడానికి వేరే దారి ఉందా? చదువు ఇంటికే వస్తుంది, సెలవు పెట్టనక్కరలేదు, అర్థం కాకపోతే మళ్ళీ వినొచ్చు. ఇవి చిన్న లాభాలేమీ కావు.

ఇక నాణేనికి రెండో వైపు చూద్దాం. అమెరికాలో హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థలు అందరికీ తెరిచి ఉంచిన ఆన్‌లైన్ కోర్సులను పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. 2017-18లో చేరినవారిలో చివరిదాకా పూర్తి చేసినవారు సుమారు 3 శాతమే! మొదలుపెట్టడం సులువు కాబట్టే మానేయడమూ సులువే.

మరి ఆన్‌లైన్ పద్ధతే పనికిరాదా? అలా తేల్చేయడం తొందరపాటే. 2003లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా ప్రాజెక్ట్ ఎకో అనే పద్ధతిని ప్రారంభించారు. దూరప్రాంతాల డాక్టర్లు తమ హెపటైటిస్-సి రోగుల వివరాలను తెర మీద నిపుణుల ముందుంచి చర్చిస్తారు, చికిత్స మాత్రం తామే చేస్తారు. 407 మంది రోగులను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. విశ్వవిద్యాలయ క్లినిక్కులో 57.5 శాతం మందికి, దూరప్రాంత కేంద్రాల్లో 58.2 శాతం మందికి చికిత్స ఫలించింది. అంటే రెండూ దాదాపు సమానమే! ఇది వైద్యానికి సంబంధించిన ఫలితమే అయినా నిర్వహణ నేర్పేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. అక్కడ డాక్టర్లు ఉపన్యాసం విని ఊరుకోలేదు. తమ సమస్యను పట్టుకొచ్చారు, సలహాను తమ పనిలో పెట్టి చూశారు. తేడా అంతా అందులోనే ఉంది.

ఒక లెక్క చేసి చూద్దాం

ఉదాహరణకు ఒక ఆరోగ్య కేంద్రం కింద ఆరు ఉపకేంద్రాలున్నాయనుకుందాం. ఒక్కొక్కదానిలో ఏడాదికి 80 మంది పిల్లలు పుడతారనుకుంటే మొత్తం 480 మంది. అయిదు ఉపకేంద్రాల్లో 76 మంది చొప్పున టీకాలన్నీ వేయించుకున్నారు. ఆరోదానిలో 40 మందే వేయించుకున్నారు. మొత్తం 420 మంది, అంటే 87.5 శాతం. జిల్లా మీటింగులో ఈ అంకె చెబితే ఎవరూ పెద్దగా మందలించరు. కాని ఆ ఆరో ఉపకేంద్రంలో సగం మంది పిల్లలకు రక్షణ లేదు. తట్టు వస్తే మొదట అక్కడికే వస్తుంది. సగటు చాటున 40 మంది పిల్లలు దాక్కున్నారన్నమాట!

తెర మీది పాఠం ఈ లెక్క చేయడం చక్కగా నేర్పగలదు. కాని ఎందుకిలా జరిగిందో తెలియాలంటే ఆ ఊరికి వెళ్ళాలి. ఏ.ఎన్.ఎం. గారితో, ఆశా కార్యకర్తతో కూర్చుని మాట్లాడాలి. ఇటుక బట్టీల దగ్గర వలస కుటుంబాలుండవచ్చు. టీకాల వేళకు తల్లులు పనిలో ఉండవచ్చు. అప్పుడు టీకాలను సాయంత్రం బట్టీ దగ్గరే వేసే ఏర్పాటు చేయాలి. ఆ నిర్ణయమే నిర్వహణ.

టీకాల నిల్వ సంగతీ అంతే. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలుండాలని వీడియో చెబుతుంది. పెంటావాలెంట్, హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే చెడిపోతాయనీ చెబుతుంది. కాని రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే మనిషి సెలవులో ఉంటే ఎవరు రాయాలి? రాత్రి కరెంటు పోతే ఎవరికి ఫోను చేయాలి? రిజిస్టరు నిండా ఒకే సిరాతో ఒకే అంకె కనిపిస్తే ఏమనుకోవాలి? వీటికి జవాబులు ఎవరి కేంద్రంలో వారు వెతుక్కోవలసినవే.

మంచి కోర్సుకు గుర్తులు

1. ప్రతి పాఠం చివర అభ్యర్థి తన కేంద్రపు లెక్కలతోనే ఒక పని చేసి చూపాలి.

2. సందేహం తీర్చే గురువు ఉండాలి. వారానికొకసారైనా ముఖాముఖి చర్చ జరగాలి.

3. డాక్టరుతో పాటు నర్సు, ఫార్మసిస్టు, ఏ.ఎన్.ఎం. కూడా నేర్చుకోవాలి. నిర్వహణ ఒక్కరి చేతిలో పని కాదు. అందుకే పాఠం తెలుగులోనూ ఉండాలి.

4. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ళవారి కోసం పాఠాన్ని ఫోనులో దాచుకునే వీలుండాలి.

5. చదువుకోవడానికి డ్యూటీలోనే కొంత సమయం కేటాయించాలి. రాత్రి పదింటికి నిద్రమత్తులో బటన్లు నొక్కితే వచ్చేది సర్టిఫికెట్టే గాని విద్య కాదు.

6. ఆరు నెలల తరువాత సర్టిఫికెట్టును కాదు, కేంద్రంలో ఏం మారిందో చూడాలి.

గట్టున కూర్చుని ఈత నేర్చుకోలేము. అలాగని చేతులాడించడం తెలియకుండా నట్టేట దూకడమూ తెలివైన పని కాదు. చేతులాడించడం తెర నేర్పుతుంది, ఈత మాత్రం ఊళ్ళో రావాలి. మన కళాశాల మిత్రులలో ఎందరో రేపు ఆరోగ్యశాఖలోనో, గణాంకశాఖలోనో, పంచాయతీ ఆఫీసులోనో కూర్చోబోయేవారే. ఎక్కడ కూర్చున్నా ఒక రిపోర్టు మీ బల్ల మీదికి వస్తుంది. దాని మీద సంతకం పెట్టేముందు మొత్తం శాతం చూసి ఊరుకోక, ఏ ఊరు వెనకబడిందని ఒక్క ప్రశ్న అడగండి. ఆ 40 మంది పిల్లలకు అదే రక్ష.