పక్షాఘాతం: గ్రంథోక్త చికిత్స, గృహంలో శుశ్రూష

పురాణ ప్రవచనం ముగిసిన తరువాత మండపంలో నా దగ్గరకు వచ్చి సందేహాలు అడిగే భక్తులలో కొందరు ఈ మధ్య ధర్మసందేహానికి బదులు వైద్యసందేహం అడుగుతున్నారు. "శాస్త్రిగారూ, మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొని వచ్చాము. దీనికి ఆయుర్వేదంలో మంచి మందు ఉన్నదంటారు, నిజమేనా?" అన్నది ఆ ప్రశ్న. నేను వైద్యుడను కాను. వ్యాకరణం చదువుకొని, ముప్పదియేళ్లకు పైగా సంస్కృతపాఠం చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాడను. అయితే మా గురువుగారు చరక సుశ్రుత సంహితలను కూడా మాచేత చదివించారు. ఆ చదువుతోను, మా ఇంట ఎనిమిదేళ్లుగా చూస్తున్నదానితోను ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. మందు నిర్ణయించడం వైద్యుని పని. గ్రంథంలో ఏమున్నదో చెప్పడం వరకే నా అధికారం.

పక్షమంటే రెక్క, పార్శ్వం. శరీరంలో ఒక పార్శ్వం దెబ్బతినడం పక్షాఘాతం. పక్షవధమని కూడా వ్యవహారం. చరకుడు చికిత్సాస్థానం 28వ అధ్యాయంలో వాతవ్యాధులను చెబుతూ, ప్రకోపించిన వాయువు కుడి పక్షాన్ని గాని ఎడమ పక్షాన్ని గాని పట్టి, సిరలను, స్నాయువులను శోషింపజేసి, చలనాన్ని ఆపి, నొప్పిని, మాట పడిపోవడాన్ని కలిగిస్తుందని వర్ణించాడు. చలనం ఆగడాన్ని, మాట ఆగడాన్ని ఒకే వ్యాధిలో చేర్చి చెప్పడం గమనించదగినది. నేటి వైద్యులు మెదడులో ఎడమభాగం దెబ్బతింటే కుడిచేయి, కుడికాలుతో పాటు చాలామందికి మాట కూడా పోతుందంటారు.

వాతప్రకోపానికి చరకుడు రెండు దారులు చెప్పాడు: ధాతుక్షయం ఒకటి, మార్గావరణం మరొకటి. ఈ ఆవరణాన్ని చూపి "రక్తపుగడ్డ రక్తనాళానికి అడ్డుపడటాన్ని మనవారు ఆనాడే చెప్పారు" అని కొందరు ఉపన్యాసకులు అంటారు. అది నాకు సమ్మతం కాదు. పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. ప్రాచీనుల గౌరవం నిలబడటానికి ఇటువంటి ఊతకర్రలు అవసరం లేదు.

ఇక్కడ ఒక ముఖ్యవిషయం చెప్పి ముందుకు సాగుతాను. మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ క్షణంలో తైలం కోసం, పసరు కోసం, పావురపు నెత్తురు కోసం పరుగెత్తకూడదు. 108కి ఫోన్ చేసి, తల స్కానింగ్ చేయగల ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. మెదడులో రక్తం గడ్డకట్టిందా, రక్తనాళం చిట్లిందా అన్నది స్కానింగ్‌లో తప్ప పైకి చూచి ఎవరూ చెప్పలేరు. గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే అవకాశం. కొందరికి పెద్ద రక్తనాళంలోని గడ్డను తీసివేసే చికిత్స అంతకంటె ఆలస్యంగా కూడా చేస్తారు. కనుక లక్షణాలు ఏ సమయానికి మొదలైనవో గుర్తుపెట్టుకొని డాక్టరుతో చెప్పాలి. ఈలోగా నోటిలో ఏమీ వేయకూడదు: మాత్ర గాని, కషాయం గాని, తీర్థం గాని.

ప్రాణాపాయం గడిచి, ఇంటికి వచ్చిన తరువాతనే ఆయుర్వేదం ప్రసక్తి. చరకుడు ఈ వ్యాధికి స్నేహంతో కూడిన స్వేదనాన్ని, విరేచనాన్ని విధించాడు. సుశ్రుతుడు చికిత్సాస్థానం 5వ అధ్యాయంలో మరికొంత విస్తరించాడు. ఏ రోగికి చికిత్స ప్రారంభించాలో చెబుతూ ఆయన వాడిన విశేషణాలు నాకు ఎంతో ఇష్టమైనవి. మొదటిది, అవయవాలు వాడిపోనివాడు: కండ కరిగిపోకముందే మొదలుపెట్టాలని భావం. రెండవది, నొప్పి తెలిసేవాడు. నొప్పి ఉండటం మంచి లక్షణమా అని విద్యార్థులు అడిగేవారు. స్పర్శ మిగిలి ఉన్నదని దాని అర్థం. మూడవది ఆత్మవంతుడు, అనగా మనస్సు చిక్కబట్టుకొన్నవాడు. నాలుగవది ఉపకరణవంతుడు. ఈ మాటకు ధనం కలవాడని మాత్రమే అర్థం చెప్పి ఊరుకోరాదని మా గురువుగారు అనేవారు. చికిత్సకు కావలసిన వస్తువులు, మనుషులు, వసతి అన్నీ ఉపకరణాలే. పేదవానికి నలుగురు మనుషుల తోడు ఉంటే అతడూ ఉపకరణవంతుడే.

అట్లే ఈ చికిత్సను అలసత్వం లేకుండా మూడు నాలుగు మాసాలు సాగించాలని సుశ్రుతుడు కాలపరిమితి చెప్పాడు. నేటి వైద్యులు కూడా తొలి మూడు మాసాలలో కోలుకోవడం వేగంగా ఉంటుందని, తరువాత నెమ్మదించినా ఆగదని చెబుతున్నారు. వారం రోజులు తైలం రాసి, చేయి లేవలేదని విసిగి మానివేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

శుద్ధవాతం వలన వచ్చినది మిక్కిలి కష్టసాధ్యమని, ఇతర దోషాలతో కూడినది సాధ్యమని, ధాతుక్షయం వలన వచ్చినది అసాధ్యమని కూడా సుశ్రుతుడే నిదానస్థానంలో చెప్పాడు. అందరికీ నయమవుతుందని ఆ మహర్షి మాట ఇవ్వలేదు. 40 రోజులలో నడిపిస్తామని గోడల మీద వ్రాసేవారు మహర్షిని మించినవారు కాబోలు!

తైలాల విషయం. బల అనే మూలికను పాలతో, నువ్వులనూనెతో పాకం చేసినది క్షీరబలా తైలం. అదే పాకాన్ని 101 ఆవృత్తులు చేసినదీ ఉన్నది. మినుములు ప్రధానంగా చేసేది మాషతైలం. అరువది దినాలలో పండే షష్టిక ధాన్యపు బియ్యాన్ని పాలలో, బలాకషాయంలో వండి, గుడ్డలో మూటకట్టి చేసే స్వేదాన్ని కేరళవారు ఞవరకిళి అంటారు. ఇవన్నీ శుష్కించిన అవయవానికి స్నిగ్ధత కలిగించడానికి ఉద్దేశించినవి. బిగుసుకొన్న చేయి కొంత మెత్తబడుతుంది, చర్మం పగలదు, రోగికి నిద్ర పడుతుంది. ఇది నేను చూచాను. తైలం వల్లనే పోయిన బలం తిరిగి వస్తుందని పెద్ద పరీక్షలలో ఇంకా రుజువు కాలేదు. బలం వచ్చేది ఫిజియోథెరపిస్టు చెప్పిన కదలికలను రోజూ పదేపదే చేయడం వలన. అభ్యంగం ఆ వ్యాయామానికి ముందు చేసే ఉపచారం. వ్యాయామం మానిపించి అభ్యంగం చేయించడం తలకిందుల పని.

అభ్యంగంలోనూ జాగ్రత్తలు ఉన్నవి. స్పర్శ తెలియని చేతికి కాపడం పెడితే కాలినా రోగికి తెలియదు. వేడిని సేవచేసేవారు తమ ముంజేతి మీద చూచుకొని గాని పెట్టకూడదు. పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ కాలును మర్దించనే కూడదు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, డాక్టరు చూడాలి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేవనెత్తితే భుజం కీలు జారుతుంది. విరేచనం, వస్తి వంటి శోధనలు అర్హత గల వైద్యుడు చేయించవలసినవే. పుస్తకం చూచి ఇంటిలో చేసుకొనేవి కావు.

లోపలికి పుచ్చుకొనే మందుల విషయంలో మరింత మెలకువ కావాలి. ఏకాంగవీర రసం వంటి రసౌషధాలలో పాదరసం, లోహభస్మాలు ఉంటాయి. 2003లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా కనిపించింది. విదేశాలలో ఉన్న మన దాతలు తల్లిదండ్రులకు పేరు తెలియని పొట్లాలు పంపేటప్పుడు ఇది తలచుకోవాలి. అరిష్టాలలో బెల్లం, సహజంగా పుట్టిన మద్యాంశం ఉంటాయి, మధుమేహులకు తగవు. యష్టిమధుకం ఎక్కువగా వాడితే రక్తపుపోటు పెరుగుతుంది. రక్తం పలుచబడే మాత్రలు వేసుకొనేవారు గుగ్గులు, వెల్లుల్లి కల్పాలు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. ఆయుర్వేద వైద్యునికి ఇంగ్లీషు మాత్రల చీటీ, ఇంగ్లీషు డాక్టరుకు ఆయుర్వేదపు చీటీ చూపించాలి. దాచవలసినది ఏమీ లేదు.

మా దూరపు బంధువు ఒకరికి ఒక నాటువైద్యుడు "నా మందు పనిచేయాలంటే ఆ మాత్రలన్నీ ఆపాలి" అని పథ్యం విధించాడు. రక్తపుపోటు మాత్రలు కూడా ఆగిపోయినవి. మూడవ వారంలో రెండవసారి పక్షవాతం వచ్చింది. ఆయన మళ్లీ లేవలేదు. ఏకాదశినాడు, దీక్షలోను మాత్రలు మానేవారికి కూడా ఇదే చెబుతాను: ఔషధసేవ వలన ఉపవాసం చెడదు.

చరకుడు సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర ఉండి సేవచేసేవాడు. సేవ తెలియడం, నేర్పు, రోగి మీద అనురాగం, శుచి అతనికి ఉండవలసిన గుణాలు. మన ఇండ్లలో ఔషధం గురించి నూరుమందిని అడుగుతారు, ఈ మూడవ పాదాన్ని మాత్రం కోడలికో, జీతానికి కుదిరిన మనిషికో వదలిపెడతారు. మంచం మీద ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకుంటే పుండ్లు పడతాయి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి. మింగడం సరిగా లేనివారికి పడుకోబెట్టి కషాయం పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదకు వస్తుంది. దగ్గు, పొలమారడం ఉంటే ముందు మింగే శక్తిని పరీక్ష చేయించాలి.

నా సహధర్మచారిణికి కుడిపక్కన వచ్చింది, మాట పోయింది. మంచినీళ్లు కావాలని చెప్పలేకపోయేది. ఒకనాటి సాయంకాలం నేను విష్ణుసహస్రనామం మొదలుపెడితే తాను నాతో పాటు నామాలు తడబడకుండా పలికింది. బంధువులు "మాట వచ్చేసింది" అన్నారు. కొందరు "ఇంతవరకు కావాలనే పలకలేదేమో" అని కూడా అన్నారు. రెండూ సరికాదు. ఏళ్ల తరబడి కంఠస్థమైన పాఠం, పాట నిలిచి ఉండి, సొంత మాట కట్టుకొనే శక్తి మాత్రమే పోవడం ఈ వ్యాధిలో కలదని మాట నేర్పే థెరపిస్టు వివరించారు. ఆ పారాయణాన్ని ఆధారం చేసుకొని రాగంతో చిన్న చిన్న మాటలు పలికించారు. ఇంటిలో పారాయణం తెలిసిన పెద్దలు ఉంటే వారితో కలిసి పలకండి. వారిని పరీక్షించినట్లు "ఇది ఏమిటి చెప్పు" అని పదిమందిలో అడగవద్దు.

నాలుగవ మాసంలో కర్రతో నడిచింది. కుడిచేతి వేళ్లు పూర్తిగా రాలేదు. ఎడమచేత్తో పూజ ఎట్లా అని చాలాకాలం పుష్పాలు ముట్టలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకొని, రెండు చేతులా పుష్పాంజలి వేయమని చెప్పాను. ఫిజియోథెరపిస్టు చూచి, తాను చెప్పదలచిన వ్యాయామం అదేనన్నారు. ఇప్పటికీ అట్లే చేస్తుంది.

ఇట్టివారిని చక్రాల కుర్చీలో దర్శనానికి తీసుకొనివచ్చేవారు తీర్థం ఇచ్చేచోట అర్చకస్వామికి ముందుగానే ఒక మాట చెప్పండి. మింగడం కష్టమైనవారికి తీర్థాన్ని శిరస్సుపై ప్రోక్షించడం చాలు. చేతిలోని పులిహోర వెంట వచ్చినవారు ప్రసాదంగా తినవచ్చు.