పాప కాలేయపు ముక్క పరీక్ష గురించి

విశాఖపట్నం

చిట్టీ,

పాప సంగతి ఫోనులో కాకుండా ఉత్తరంలో రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం నీ భయంలో కొట్టుకుపోతుంది, మిగతా సగం అల్లుడుగారికి చేరేసరికి మారిపోతుంది. ఇద్దరూ కూర్చుని చదవండి. మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

నాకు అర్థమైనంతలో విషయం ఇదీ. పాపకి కాలేయ మార్పిడి జరిగి ఐదేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ నిలకడగా ఉన్న కాలేయ ఎంజైములు ఎస్‌జీపీటీ, జీజీటీ ఇప్పుడు పెరిగాయి. డాప్లర్ స్కానింగులో రక్తనాళాలు బాగున్నాయి, పైత్యనాళాలు ఉబ్బలేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందు టాక్రోలిమస్ స్థాయి ఉండాల్సిన దానికన్నా కొంచెం తక్కువ ఉంది. రక్తంలో ఈబీవీ అనే వైరస్ కూడా కనిపించింది. డాక్టరుగారు బయాప్సీ (సూదితో కాలేయం ముక్క తీసి చూసే పరీక్ష) అన్నారు. అల్లుడుగారేమో సూది వద్దు, మందు డోసు పెంచి చూద్దామంటున్నారు. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందని మీ అత్తగారి దిగులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. బయాప్సీ చేయించండి.

అల్లుడుగారి మాటలో న్యాయం లేకపోలేదు. ఒక్క టాక్రో మాత్రమే తక్కువుండి ఉంటే, డోసు సరిచేసి కొద్దిరోజులు ఆగి మళ్ళీ రక్తపరీక్ష చేయించడం తప్పేం కాదు. చాలామంది డాక్టర్లు ఆ పనే చేస్తారు. కానీ మన పాప విషయంలో వైరస్ కూడా ఉంది. అక్కడే వస్తుంది చిక్కు. పెరిగిన ఎంజైములు రిజెక్షన్ వల్ల, అంటే ఒళ్ళు కొత్త కాలేయాన్ని పరాయిదిగా ఎంచి దెబ్బతీయడం వల్ల అయితే రోగనిరోధక శక్తిని అణిచే మందు పెంచాలి, అవసరమైతే మూడు రోజులు సిరలోకి పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇవ్వాలి. అదే ఈబీవీ వల్ల అయితే ఆ మందు తగ్గించాలి. వైరస్ చెలరేగుతున్నప్పుడు మందు పెంచితే, మార్పిడి జరిగిన పిల్లల్లో అది లింఫ్ కణాల క్యాన్సరు దాకా పోయే ప్రమాదం ఉంది. రిజెక్షన్ నడుస్తున్నప్పుడు మందు తగ్గిస్తే నువ్విచ్చిన కాలేయమే పోవచ్చు. రెండు వైద్యాలూ ఒకదానికొకటి ఎదురు. రక్తపరీక్ష కాగితం రెండు జబ్బుల్లోనూ ఒకేలా ఉంటుంది. ఎస్‌జీపీటీ కాలేయ కణాలు దెబ్బతింటున్నాయని చెబుతుందే కానీ ఎందుకో చెప్పదు. ఫైబ్రోస్కాన్ సరిపోదా అని నువ్వడిగావు. కాలేయం ఎంత గట్టిపడిందో అది అంచనా వేస్తుంది, అంతే. కారణం తెలియాలంటే కణజాలాన్ని కళ్ళతో చూడాల్సిందే.

ఉద్యోగమంతా మైక్రోస్కోపు ముందే గడిపినదాన్ని కాబట్టి అందులో ఏం కనిపిస్తుందో చెబుతాను. సూదితో వచ్చే ముక్క సేమ్యా పోగంత ఉంటుంది. సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్ల పొడవు, మిల్లీమీటరు మందం. దాన్ని మైనంలో పోతపోసి, పలచటి పొరలుగా కోసి, రంగు వేస్తాం. అందులో అక్కడక్కడా చిన్న కూడళ్ళు కనిపిస్తాయి. పోర్టల్ ట్రాక్టులంటాం వాటిని. ఒక్కోదానిలో ఒక సిర కొమ్మ, ఒక ధమని కొమ్మ, ఒక సన్నటి పైత్యనాళం కలిసి నడుస్తాయి. రిజెక్షన్ అయితే ఆ కూడలి నిండా లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు, మధ్యమధ్య ఎర్రటి గుళికలతో ఇసినోఫిల్ కణాలు ఉంటాయి. లింఫోసైట్లు పైత్యనాళం గోడలోకి దూరి, తీరుగా ఉన్న కణాల వరసను చెదరగొడతాయి. సిర లోపలి పొర కిందకి చేరి ఆ పొరని పైకి లేపుతాయి. ఈ మూడు లక్షణాలకీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసి మొత్తం తొమ్మిదికి లెక్కకట్టే పద్ధతిని, కెనడాలోని బాన్ఫ్ ఊరి పేరుతో పిలిచే నిపుణుల బృందం 1997లో ఖరారు చేసింది. ఇప్పటికీ రిపోర్టుల్లో దాన్ని ఆర్‌ఏఐ అని రాస్తారు. ఈబీవీ అయితే బొమ్మ వేరు. లింఫోసైట్లు కాలేయ కణాల మధ్యనున్న సన్నటి రక్తపు దారుల్లో ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. వైరస్‌ని పట్టించే ప్రత్యేకమైన రంగు వేస్తే ఆ కణాల కేంద్రకాలు చుక్కల్లా తేలతాయి. రక్తపరీక్షలో ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లల ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంత తేడా. ఇది చూసినదాన్ని కనుక, ఊహ మీద మందు వేయడానికి నా మనసు ఒప్పదు.

ఇక ప్రమాదం మాట. లేదని చెప్పను, చెప్తే నువ్వు నమ్మకూడదు కూడా. కాలేయం నిండా రక్తం ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా భయపడాల్సింది రక్తస్రావానికి. ఇటలీలో 68,276 బయాప్సీల లెక్కలు తీసి 1986లో ప్రచురించారు. అందులో ప్రాణం పోవడం పదివేలకి ఒకటి లోపే. వచ్చిన చిక్కుల్లో నూటికి అరవై పైచిలుకు మొదటి రెండు గంటల్లోనే బయటపడ్డాయి, నూటికి తొంభై ఆరు ఒక్క రోజులోపు. అవి చాలావరకు పెద్దవాళ్ళ లెక్కలు, అల్ట్రాసౌండ్ చూస్తూ సూది వేయడం ఇంకా అలవాటు కాని రోజుల లెక్కలు. పిల్లల్లో, మార్పిడి జరిగిన పిల్లల్లో కూడా, అనుభవమున్న చోట రక్తం ఎక్కించాల్సి రావడం లాంటి పెద్ద చిక్కులు నూటికి ఒకటి రెండు దగ్గరే ఉంటాయి. ఆ ఒక్కరు మన పాపే అయితే అన్న భయం నీకుంటుంది, నాకూ ఉంది. అందుకే ఎక్కడ, ఎవరు, ఎలా చేస్తారన్నది ముఖ్యం.

మార్పిడి జరిగిన పిల్లల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మామూలుగా కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి సూది వేస్తారు. పాపకి పెట్టింది నీ కాలేయంలో ఎడమ చివరి భాగం. అది రొమ్ము ఎముక కింద, పొట్ట మధ్యకి ఉంటుంది, పాప ఎదిగేకొద్దీ తనూ ఎదుగుతూ ఆకారం మార్చుకుంటుంది. దగ్గర్లోనే పేగు చుట్ట ఉంటుంది, ఎందుకంటే పైత్యం పోవడానికి పేగునే తెచ్చి కాలేయానికి కుట్టారు. కనుక అల్ట్రాసౌండ్ చూస్తూ, మార్పిడి పిల్లలకి అలవాటుగా చేసే డాక్టరే సూది వేయాలి. దగ్గరని చెప్పి మామూలు నర్సింగ్ హోములో వద్దు, మార్పిడి చేసిన హైదరాబాదు ఆస్పత్రికే వెళ్ళండి. పేగు కాలేయానికి అతికి ఉండటం వల్ల ఈ పిల్లల్లో బయాప్సీ తర్వాత జ్వరం, పైత్యనాళాల ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంది. ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారా అని అడుగు.

ఆస్పిరిన్ మాట మరిచిపోవద్దు. కొత్త కాలేయపు ధమనిలో గడ్డ కట్టకుండా మార్పిడి తర్వాత చాలామంది పిల్లలకి చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు. పాపకి ఇంకా నడుస్తూ ఉంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పు. ఎప్పుడు ఆపాలో ఆయన్నే చెప్పమను, నీ అంతట నువ్వు ఆపొద్దు. జ్వరానికి ఇబుప్రోఫెన్ లాంటిది ఏదైనా వేశారేమో, ఎవరైనా ఆకుమందు, పసరు ఇచ్చారేమో అదీ దాచకుండా చెప్పు. పంపరపనస పెడుతున్నారా? టాక్రో స్థాయిని అది తారుమారు చేస్తుంది, మీ పెరట్లో చెట్టున్నా పాపకి వద్దు.

ముందురోజు రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క, బ్లడ్ గ్రూపు చూస్తారు. అవి బాగా లేకపోతే మెడ సిరలోంచి సన్నటి గొట్టం పంపి కాలేయం లోపలి నుంచి ముక్క తీసే పద్ధతి ఒకటుంది. మన పాపకి దాని అవసరం పడుతుందని నేననుకోను. పరగడుపున ఉంచమంటారు కాబట్టి పొద్దుటి టాక్రో వేయాలా, తర్వాతా అని ముందురోజే స్పష్టంగా అడిగి రాసుకో. ఆస్పత్రి హడావుడిలో డోసు తప్పిపోయే చోటు ఇదే. పాపకి మత్తు ఇస్తారు. నిద్రపట్టేదాకా నువ్వు చెయ్యి పట్టుకుని ఉండొచ్చా అని అడుగు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. సూది లోపల ఉండేది క్షణమే. 1958లో మెంఘీని అనే ఇటలీ డాక్టరు తన కొత్త సూదికి ఒక్క సెకను బయాప్సీ అని పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు స్ప్రింగు సూదులొచ్చి అదే వేగంతో పనిచేస్తున్నాయి.

తర్వాతి గంటలే నీ పని. మొదట్లో పావుగంటకోసారి నర్సు నాడి, బీపీ చూస్తారు. వాళ్ళు మానిటరు చూస్తే నువ్వు పాపని చూడు. మొహం పాలిపోవడం, చెమటలు, పొట్ట గట్టిపడటం, భుజంలో నొప్పి అని ఏడవటం, మందిచ్చినా తగ్గని పొట్ట నొప్పి, వీటిలో ఏది కనిపించినా మొహమాటపడకుండా పిలువు. సూది వేసిన చోట కాస్త నొప్పి మామూలే. ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచమంటే ఉండండి. పంపించేసినా హైదరాబాదులోనే ఎవరింట్లోనైనా ఆగండి, అదే రాత్రి బస్సెక్కి విజయవాడలో మీ ఇంటికి వెళ్ళిపోవద్దు. తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, కళ్ళు పచ్చబడటం, నల్లటి విరేచనం కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగొద్దు. డాక్టరు చెప్పేదాకా సైకిలు, గెంతులు మాన్పించు. పాపని నువ్వు పట్టలేవు, వాళ్ళ నాన్నకి అప్పజెప్పు.

మీ అత్తగారికి చెప్పు: సూది తగలడం వల్ల రిజెక్షన్ రాదు, ఉన్నది పెరగదు. సూది వేసిన దారి దానంతటదే పూడిపోతుంది. ఆవిడ భయం మనవరాలి మీద ప్రేమతో వచ్చింది, విసుక్కోవద్దు.

ఇంకొకటి, ఈసారి గండం గడిచాక గుర్తుపెట్టుకోవాల్సింది. ఎంజైములు మామూలుగా ఉంటే కాలేయం బాగున్నట్టే అనుకుంటాం. బర్మింగ్‌హామ్‌లో పైకి ఏ ఇబ్బందీ లేని పిల్లలకి మార్పిడి తర్వాత ఏడాదికి, ఐదేళ్ళకి, పదేళ్ళకి బయాప్సీలు చేశారు. దీర్ఘకాలపు వాపు ఏడాదికి నూటికి 22 మందిలో, ఐదేళ్ళకి 43 మందిలో, పదేళ్ళకి 64 మందిలో కనిపించిందని 2006లో రాశారు. మచ్చకట్టడం కూడా ఏటికేడాది పెరిగింది. అందుకే కొన్ని దేశాల్లో జబ్బేమీ లేకపోయినా కొన్నేళ్ళకోసారి ముక్క తీసి చూస్తారు. మన దగ్గర ఎక్కువగా కారణం ఉంటేనే తీస్తారు. ఏ లక్షణమూ లేని బిడ్డకి సూది ఎందుకన్న వాదన నాకు అర్థమవుతుంది. అయినా మందు బాగా తగ్గించాలనుకునే ముందు మాత్రం ఒకసారి ముక్క చూడటం తప్పనిసరి అని నా గట్టి నమ్మకం.

మందు పూర్తిగా ఆపేయొచ్చట కదా అని అల్లుడుగారు ఎక్కడో చదివారట. అమెరికాలో అమ్మో నాన్నో కాలేయమిచ్చిన 20 మంది పిల్లలకి మెల్లమెల్లగా ఆపి చూశారు, 12 మందికి కుదిరింది. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. తర్వాత 88 మందితో చేసిన పెద్ద ప్రయత్నంలో 33 మందికే కుదిరింది. అందరినీ ముందు బయాప్సీ చేసి ఏరి, నెలల తరబడి కనిపెట్టుకుని చేసిన పని అది. ఇంట్లో చేసుకునేది కాదు. టాక్రో ఎందుకు తగ్గిందో కూడా నిజాయితీగా ఆలోచించండి. డోసులు తప్పాయా, కంపెనీ మార్చి కొన్నారా, పాప బరువు పెరిగినా డోసు పాతదే ఉందా? ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, డాక్టరుకి తెలియడం కోసం.

రిపోర్టు వచ్చాక మూడు విషయాలు అడుగు. ముక్కలో ఎన్ని పోర్టల్ ట్రాక్టులు దొరికాయి (పది దాకా ఉంటే ధైర్యంగా తీర్పు చెప్పొచ్చు), ఆర్‌ఏఐ ఎంత, మచ్చ ఏ దశలో ఉంది. మార్పిడి కాలేయాలు చదవడం అలవాటున్న పెథాలజిస్టే చూశారా అని కూడా అడుగు, ఇది అందరి చేతా అయ్యే చదువు కాదు. మైనపు దిమ్మ, స్లైడ్లు భద్రంగా ఉంచమని చెప్పు. మరో అభిప్రాయం కావాలంటే పాపకి మళ్ళీ సూది వేయకుండా వాటినే పంపొచ్చు, రేపు ఇంకోసారి బయాప్సీ అవసరమైతే పోల్చుకోవడానికీ పనికొస్తాయి.

ధైర్యం తెచ్చుకో. ఈ వైద్యం ఎంత దూరం వచ్చిందో చూడు. 1963లో డెన్వర్‌లో స్టార్జల్ అనే సర్జను మొదటిసారి కాలేయం మార్చింది మన పాపకున్న జబ్బే, పసితనంలోనే పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు, ఉన్న మూడేళ్ళ బిడ్డకి. ఆపరేషను బల్ల మీదే రక్తస్రావంతో పోయాడు. 1998లో ఢిల్లీలో, నాన్న ఇచ్చిన ముక్కతో, ఏడాదిన్నర దాటిన పసివాడికి మన దేశంలో మొదటిసారి పిల్లల మార్పిడి విజయవంతమైంది. ఆ పసివాడు పెరిగి డాక్టరయ్యాడు. ఇవాళ తల్లి కాలేయంతో బతికిన పసివాళ్ళు హైదరాబాదులోనే ఎందరో ఉన్నారు.

అడ్మిషన్ తేదీ ఖాయం కాగానే చెప్పు, నేను హైదరాబాదు వస్తాను. పాప మంచం పక్కన నువ్వుండు. ల్యాబుకి వెళ్ళి, స్లైడు చదివే డాక్టరుగారితో మాట్లాడి, రిపోర్టు తెచ్చే పని నాకు వదిలెయ్యి.

మీ
పెద్దమ్మ