టైరు మీది యంకెలు

పాఠశాల ముంగిట నిలిచియుండు మోటారుబండిని మన విద్యార్థులు ప్రతిదినము చూచుచునే యుందురు. దాని పేరు చెప్పుదురు, రంగు చెప్పుదురు. కాని దాని టైరు ప్రక్కమీద నేమి వ్రాసియున్నదని యడిగినచో పదుగురిలో తొమ్మండుగురు మిన్నకుందురు. ఆ వ్రాత వర్తకుని గుఱుతని తలచుట పరిపాటి. నిజమునకు అది యొక చిన్న గణితపాఠము. నేనును దానిని ఆలస్యముగనే నేర్చుకొంటిని.

మా వసతిగృహమునకు 2008లో కొన్న బొలెరో బండి యొకటి గలదు. గ్రామములనుండి పిల్లలను తెచ్చుటకును, జబ్బుపడిన వారిని ఆసుపత్రికి కొనిపోవుటకును అదియే యాధారము. ఆ తరగతి బండికి కర్మాగారమువారు నిర్ణయించిన టైరు 215/75 ఆర్ 15. ఇందు 215 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటరులలో. 75 అనునది శాతము. అనగా టైరు ప్రక్క యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. 15 అనునది టైరు తొడిగెడు రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒక్క పంక్తిలో మిల్లీమీటరులు, శాతము, అంగుళములు కలగలిసి యుండుట విడ్డూరమే, కాని లోకమంతయు దీనికి అలవాటు పడినది.

ఇక నడుమనున్న ‘ఆర్’ అను నక్షరము రేడియల్ అనుటకు గుఱుతు. గాలి టైరునకు 1845లో థామ్సన్ అను నాతడు హక్కుపత్రము పొందినను అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికొఱకు మరల కనుగొనెను. ఫ్రాన్సు దేశపు మిషెలిన్ వారు 1946లో రేడియల్ టైరునకు హక్కుపత్రము పొందిరి. ఇందు లోపలి దారములు ఒక యంచునుండి మఱియొక యంచునకు తిన్నగా అడ్డముగా పోవును. నేలను తాకు భాగముక్రింద ఉక్కుతీగల పట్టీలుండును. అందుచేత టైరు వేడెక్కుట తక్కువ, మన్నిక యెక్కువ.

ఇప్పుడు లెక్క చూడుడు. 215లో నూటికి 75 అనగా 161.25 మిల్లీమీటరులు. పైన నొకటి, క్రింద నొకటి కావున రెండింతలు, 322.5. 15 అంగుళములను 25.4చే గుణింపగా 381. రెండును కలుపగా 703.5 మిల్లీమీటరులు, ఇది చక్రము పూర్తి వ్యాసము. చుట్టుకొలత సుమారు 2,210 మిల్లీమీటరులు.

టైర్లు గుండయినప్పుడు అంగడిలో 235/75 ఆర్ 15 టైర్లను, వానితోకూడ వెలుపలికి పొడుచుకొని వచ్చెడు అలాయ్ చక్రములను చూపిరి. “మాస్టారూ, బండి ఠీవిగా కనబడుతుంది” అని మా డ్రైవరు ముచ్చటపడెను. పైయంకె 20 మాత్రమే పెరిగినదిగదా యని నేను సమ్మతించితిని. లెక్క వేయకపోవుట నా తప్పు. శాతము మాఱకున్నను వెడల్పు పెరిగినచో ప్రక్క యెత్తు దానంతట నదే పెరుగును. ఈ టైరు వ్యాసము 733.5 మిల్లీమీటరులు. అనగా 30 మిల్లీమీటరులు, నూటికి 4.26 వంతులు పెద్దది. బండి నేలనుండి లేచినది మాత్రము అందులో సగము, 15 మిల్లీమీటరులే.

మొదట వచ్చిన ఫిర్యాదు డీజిలును గూర్చి. మునుపు లీటరునకు 14 కిలోమీటరులు పోవు బండి 13 మాత్రమే పోవుచున్నదని లెక్కపుస్తకము చెప్పెను. అందఱును ఇంజను చెడినదనిరి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు వేఱుగా ఆలోచించెను. మీటరు నేలను కొలువదు, చుట్టులను లెక్కించును. ఒక్కొక్క చుట్టునకు ఇప్పుడు బండి 94 మిల్లీమీటరులు అధికముగా పోవుచున్నది. కావున మీటరు 13 అనిన యెడల నిజముగా పోయినది 13.55. నష్టములో సగము కంటె నెక్కువ మీటరు చెప్పిన యబద్ధమే! వేగమును ఇట్లే తక్కువగా చూపును. ముల్లు 60 చూపినప్పుడు పాతలెక్కకు 62.6 అగును. సాధారణముగా కర్మాగారమువారు ముల్లును కొంచెము ఎక్కువ చూపునట్లే అమర్చుదురు గావున ఈ తేడా కొంత అందులో కలిసిపోవును. అయినను దానిని నమ్ముకొని బండి నడుపరాదు.

మిగిలిన సగము నష్టము నిజమైనదే. చక్రము పెద్దదైనకొలది ఇంజను త్రిప్పుబలము నేలను త్రోయుట తగ్గును. ఘాటుదారిలో మూడవ గేరున ఎక్కెడు బండి రెండవ గేరు కోరును. బ్రేకులు పాతవే, వానిని ఎదిరించు చక్రపు చేయి పొడవైనది.

ఇంతకంటె ముఖ్యమైనది పిమ్మట తెలిసినది. పిల్లలు నిండుగా కూర్చున్నప్పుడు, మలుపులో స్టీరింగు పూర్తిగా త్రిప్పినచో, ముందుచక్రము మడ్గార్డు లోపలియంచును రాచుకొనుచుండెను. ఒక శనివారము ఆ బాలుడే బండి కడుగుచు ముందుటైరు ప్రక్కమీద వ్రేలెడు పొడవు కోతను చూచి నన్ను పిలిచెను. మరునాడు ఆ బండి పదిమంది పిల్లలతో కొండదారిని పోవలసియుండెను. ప్రభుని దయవలన అది పోలేదు.

చక్రమును గూర్చియు కొంత చెప్పవలెను. కమ్మరి ఎద్దులబండికి ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీరు చల్లి బిగియించుటను మీరు చూచియుందురు. పట్టా కొంచెము వదులైనను ఆ చక్రము పనికిరాదు. మోటారు చక్రమునకు ఆ బిగువు హబ్బు దగ్గఱ కావలెను. బోల్టురంధ్రముల సంఖ్య, అవి యున్న వలయపు వ్యాసము, నడిమి రంధ్రపు కొలత, నట్టు కూర్చుండు గుంట యాకారము, ఇవన్నియు సరిపోవలెను. వలయవ్యాసము 114.3 మిల్లీమీటరులున్న బండ్లును గలవు, 115 ఉన్నవియు గలవు. ఒకదానిని మఱియొకదానికి బలవంతముగా ఎక్కింపవచ్చును, కాని నట్లు వాలి కూర్చుండి దారిలో వదులగును. అయిదు రంధ్రముల చక్రమున ఎదురెదురు రంధ్రములుండవు. కావున ప్రక్కప్రక్కనున్న రెండింటి కేంద్రముల దూరమును కొలిచి 1.701చే గుణింపవలెను. ఎందులకో రేఖాగణితము చదువు విద్యార్థులు తామే నిరూపించుకొందురు గాక.

హబ్బును తాకు తలమునకును, చక్రపు నడిమిరేఖకును గల దూరమును ఆఫ్‌సెట్టు అందురు. మేము కొన్న చక్రముల తప్పు ఇక్కడనే. చక్రము వెలుపలికి జరిగినకొలది బేరింగుపై భారము పెరుగును, గుంతలో స్టీరింగు చేతిని కొట్టును. పాతబండి బేరింగులు ఇప్పటికే కొంత అరిగియుండును. క్రొత్తబండి సహించునది పాతది సహింపకపోవచ్చును.

కొలత తరువాత చిన్న యక్షరములను చదువుడు. 97 అను భారసూచిక గల టైరు 730 కిలోగ్రాములు మోయును. 100 అయినచో 800. క్రొత్తదాని సూచిక పాతదానికంటె తగ్గరాదు. నాలుగంకెల తేదీ యొకటి యుండును: 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున చేసినది. చౌకగా నిచ్చెడు టైర్లకు తఱచు ఈ యంకెయే కారణము. రబ్బరు తిరుగకున్నను ముసలిదగును. లోతైన గాళ్లుగల బురదటైర్లు చూపునకు గంభీరమే కాని, దినమంతయు తారుబాటను నడచు బండికి అవి మోతయు, డీజిలు ఖర్చును మాత్రమే.

అటుపిమ్మట సంఘమువారి సమ్మతితో 215/75 ఆర్ 15 టైర్లనే, పాత ఇనుపచక్రములకే తొడిగించితిమి. పదునాఱంగుళముల చక్రము తప్పనిసరి యైనచో 215/70 ఆర్ 16 వ్యాసము 707.4 మాత్రమే, తేడా నూటికి ఒకటిలోపు. కాని అట్టి మార్పునకు ముందు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును గూర్చి రవాణా కార్యాలయములో విచారించుట మేలు. బండి మూలలక్షణములను మార్చుటను అది నిషేధించుచున్నది. స్టెప్నీని మఱచిపోరాదు. నాలుగు చక్రములు ఒక కొలతయు, స్టెప్నీ వేఱొక కొలతయు అయినచో వెనుక చక్రముల నడుమనున్న గేర్లు తిన్నని దారిలోను విరామము లేక అరుగుచుండును.

క్రొత్తటైర్లు వేసిన సాయంకాలము పిల్లలు టైరుమీద సుద్దగీత గీచి, బండిని ఒక్క చుట్టు త్రోసి, నేలను టేపుతో కొలిచిరి. 2,210 రావలసినచోట 2,150 వచ్చెను. లెక్క తప్పినదని వారు చిన్నబోయిరి. తప్పలేదు. బండిబరువునకు టైరు క్రింద కొంచెము అణగియుండును. నేలమీద దొరలు చక్రము కాగితముమీది చక్రముకంటె ఎప్పుడును కొంచెము చిన్నదే. రెండు టైర్లకును ఈ తరుగుదల యించుమించు సమానమే గావున మన శాతములు చెడవు.